పరామర్శ, ఆత్మపరిశీలన: న్యూజిలాండ్ నర్సింగ్ విద్యలో ‘సాంస్కృతిక భద్రత’ – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

తన సంస్కృతికి భిన్నమైన సంస్కృతిలో పుట్టి పెరిగిన రోగికి సేవ చేయడం నర్సింగ్ విద్యార్థికి ఎలా అలవడుతుంది? రోగి ఆచారాలను తెలుసుకుంటే చాలునన్నది ఒక సమాధానం. ముందు విద్యార్థి తనను తాను పరిశీలించుకోవాలన్నది మరొక సమాధానం. 1988 తరువాత న్యూజిలాండ్‌లో రూపొందిన ‘సాంస్కృతిక భద్రత’ భావన రెండవ సమాధానాన్ని పాఠ్యప్రణాళికలోకి తెచ్చింది. ఆ భావన పుట్టిన చారిత్రక పరిస్థితులను, దానికి రూపమిచ్చిన ఇరిహపేతి రామ్స్‌డెన్ ఆలోచనను, దానిపై చెలరేగిన వివాదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆత్మపరిశీలనలో తుదితీర్పు రోగిదైనప్పుడే అది సేవగా మారుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సాంస్కృతిక భద్రత, ఆత్మపరిశీలన, పరామర్శ, మావోరీ, నర్సింగ్ విద్య, వైతంగి ఒడంబడిక.

1. ఉపోద్ఘాతం

‘పరామర్శ’ అనే మాటకు తెలుగులో రెండు ప్రధానమైన వాడుకలు ఉన్నాయి. శాస్త్రగ్రంథాల్లో పరామర్శ అంటే విచారణ, ఆలోచన. న్యాయశాస్త్రంలో అనుమితికి కారణమైన జ్ఞానానికి అదే పేరు. వ్యవహారంలో మాత్రం పరామర్శించడమంటే జబ్బుపడినవారినో, ఆప్తులను పోగొట్టుకున్నవారినో స్వయంగా వెళ్లి చూసి, మంచిచెడ్డలు అడిగి, ధైర్యం చెప్పి రావడం. మొదటిది మనసులో జరిగే పని. రెండవది మంచం పక్కన జరిగే పని. ఒకే పదం ఈ రెండింటినీ మోస్తున్నదన్న సంగతి నిత్యవ్యవహారంలో ఎవరికీ స్ఫురించదు.

నర్సింగ్ విద్యలో ఈ రెండు పనులకూ ఉన్న సంబంధం గత నాలుగు దశాబ్దాలలో పెద్ద చర్చకు వస్తువైంది. విద్యార్థి తాను చేసిన సేవను తిరిగి తలచుకొని, రాసి, విశ్లేషించుకొని నేర్చుకోవాలన్నది నేడు అనేక దేశాల నర్సింగ్ పాఠ్యప్రణాళికల్లో అంగీకృతమైన సూత్రం. అయితే ఆ తలపోత ఎవరిని గురించి సాగాలి? అది సఫలమైందో లేదో ఎవరు చెప్పాలి? ఈ రెండు ప్రశ్నలకూ స్పష్టమైన, వివాదాస్పదమైన సమాధానం న్యూజిలాండ్‌లో లభించింది. అక్కడ వలస వచ్చిన ఐరోపా జాతీయులను మావోరీలు ‘పాకెహా’ అంటారు. ఆసుపత్రులు నిర్మించినవారు పాకెహాలు. వాటి నియమాలకు లోబడవలసి వచ్చినవారు మావోరీలు. సాంస్కృతిక భద్రత అన్న భావన ఈ అసమానత నుంచి పుట్టింది. కనుక దాని చరిత్రను ఆసుపత్రి బయట మొదలుపెట్టాలి.

2. ఒక ఒడంబడిక, రెండు పాఠాలు

1840 ఫిబ్రవరి 6న వైతంగి అనే చోట బ్రిటిష్ రాజప్రతినిధికీ మావోరీ పెద్దలకూ మధ్య ఒడంబడిక కుదిరింది. దానికి ఇంగ్లీషు పాఠం ఒకటి, మావోరీ పాఠం ఒకటి ఉన్నాయి. మావోరీ పాఠాన్ని మిషనరీ హెన్రీ విలియమ్స్, ఆయన కుమారుడు ఎడ్వర్డ్ అనువదించారు. ఇంగ్లీషు పాఠంలో సార్వభౌమాధికారం అన్న అర్థమిచ్చే మాట ఉన్నచోట మావోరీ పాఠంలో ‘కావనతంగ’ అన్న మాట ఉంది. దానికి పాలనాధికారం, గవర్నరు పెత్తనం అన్న పరిమితమైన అర్థమే వస్తుంది. తమ నేల మీద, తమ ఊళ్ల మీద, తాము విలువైనవిగా ఎంచే వాటన్నిటి మీద తమ పెద్దరికం తమకే మిగిలిందని మావోరీలు భావించారు. సమస్తాధికారం తమకు దఖలుపడిందని బ్రిటిష్‌వారు భావించారు. అనువాదంలోని తేడా ఒక జాతి చరిత్రను ఎలా మలచగలదో చెప్పడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణలు అరుదు.

తరువాతి పరిణామాలు వేగంగా సాగాయి. భూములు చేతులు మారాయి. కొత్త రోగాలు వ్యాపించాయి. 1896 జనగణన నాటికి మావోరీ జనసంఖ్య సుమారు 42,000కు పడిపోయింది. 1867 నాటి చట్టంతో ఏర్పడిన బడులలో బోధన ఇంగ్లీషులో సాగింది. 1907లో తోహుంగా నిరోధక చట్టం వచ్చింది. తోహుంగా అంటే వైద్యం, మంత్రం, వంశచరిత్ర వంటి విద్యల్లో నిపుణుడు. ఆ చట్టం సంప్రదాయ వైద్యుణ్ణి నేరస్థుడిగా నిలబెట్టింది. 1962 దాకా అది రద్దు కాలేదు.

ఆధునిక నర్సింగ్ వృత్తి ఇదే కాలంలో స్థిరపడింది. నర్సుల నమోదుకు ప్రత్యేకంగా చట్టం చేసిన తొలి దేశం న్యూజిలాండ్. ఆ చట్టం 1901లో వచ్చింది. తొలితరం మావోరీ నర్సులలో ప్రసిద్ధురాలైన అకెనెహి హెయి 1908లో అర్హత పొందారు. తన బంధువులకు సేవచేస్తూ టైఫాయిడ్ సోకి 1910లో మరణించారు. ఆ తరం మావోరీ నర్సులు తమ ప్రజలకు పాకెహా వైద్యాన్ని చేరవేసే వారధులుగా పనిచేశారు. ఆ వారధి మీద రాకపోకలు ఒకవైపే సాగాయి. మావోరీ దృష్టి ఆసుపత్రిలోకి ప్రవేశించడానికి దాదాపు ఎనిమిది దశాబ్దాలు పట్టింది.

3. మంచం పక్కన ఎదురైన తేడాలు

ఆసుపత్రిలో ఈ చరిత్ర చిన్న చిన్న వస్తువుల రూపంలో కనిపిస్తుంది. మావోరీ జీవనంలో ‘తపు’, ‘నోవా’ అన్న విభజన మౌలికమైనది. తపు అంటే పవిత్రత వల్ల కలిగిన నిషేధం. నోవా అంటే ఆ నిషేధం లేని సామాన్యస్థితి. శిరస్సు తపు. ఆహారం నోవా. కాబట్టి తల దగ్గర ఆహారం పెట్టరాదు. తల ఆనించే దిండును మరొక పనికి వాడరాదు. తల తుడిచే తువ్వాలు, ఒళ్లు తుడిచే తువ్వాలు వేరుగా ఉండాలి. మలమూత్ర పాత్రలను భోజనం పెట్టే బల్ల మీద ఉంచరాదు. ఆసుపత్రి శుభ్రతా నియమాల దృష్టిలో వీటిలో కొన్ని సబబైనవే, కొన్ని అనవసరమైనవి. రోగి దృష్టిలో ఇవన్నీ ఒకే వ్యవస్థకు చెందినవి.

కాన్పు విషయంలో తేడా మరింత లోతైనది. మావోరీ భాషలో ‘ఫెనువా’ అంటే నేల. ‘ఫెనువా’ అంటేనే మాయ కూడా. బిడ్డ పుట్టాక మాయను పూర్వికుల నేలలో పూడ్చిపెడతారు. బిడ్డకు ఆ నేలతో ఉన్న సంబంధానికి అది గుర్తు. 20వ శతాబ్ది మధ్యభాగానికి మావోరీ కాన్పులు ఎక్కువగా ఆసుపత్రులకు మారాయి. అక్కడ మాయ పారవేయవలసిన వ్యర్థం. నర్సు నియమం ప్రకారమే పని చేసింది. తల్లి మాత్రం తన బిడ్డకు నేలతో ఉన్న ముడి తెగిపోయిందని బాధపడింది. ఇందులో నర్సుకు దురుద్దేశం లేదు. తానూ ఒక సంస్కృతికి చెందిన మనిషినని, ఆసుపత్రి నియమం కూడా ఒక సంస్కృతి ఆచారమేనని ఆమెకు తట్టలేదు. మాయను పెరటిలోనో పొలంలోనో పాతిపెట్టే ఆచారం తెలుగు పల్లెలకూ కొత్త కాదు కనుక ఆ తల్లి బాధ తెలుగు పాఠకుడికి సులభంగానే అర్థమవుతుంది.

1970ల నుంచి పరిస్థితి మారసాగింది. 1972లో మావోరీ భాష కోసం పార్లమెంటుకు విజ్ఞాపన సమర్పించారు. 1975లో వైతంగి ట్రిబ్యునల్ ఏర్పడింది. 1983లో మావోరీ నర్సుల జాతీయ మండలి స్థాపితమైంది. 1980లలో వైద్యుడు మేసన్ డ్యూరీ ఆరోగ్యాన్ని నాలుగు గోడల ఇంటితో పోల్చి చెప్పారు. దేహం, మనసు, ఆత్మ, కుటుంబం అన్నవి ఆ నాలుగు గోడలు. ఏ ఒక్కటి కూలినా ఇల్లు నిలవదు. 1987లో మావోరీ అధికారభాష అయింది. ఈలోగా నర్సింగ్ శిక్షణ కూడా ఆసుపత్రుల నుంచి విద్యాసంస్థలకు మారింది. 1971 నాటి కార్పెంటర్ నివేదిక ఫలితంగా 1973 నుంచి పాలిటెక్నిక్‌లలో నర్సింగ్ కోర్సులు మొదలయ్యాయి. వార్డు పని హడావుడికి దూరంగా కూర్చొని ఆలోచించే తీరిక విద్యార్థులకు దొరికింది.

4. రెండు ధారలు

న్యూజిలాండ్ సమాధానం ప్రత్యేకతను గుర్తించడానికి అప్పటికే ప్రచారంలో ఉన్న రెండు ఆలోచనాధారలను చూడాలి.

మొదటిది అమెరికన్ నర్సు, మానవశాస్త్రవేత్త మాడెలైన్ లైనింగర్ (1925–2012) ప్రారంభించిన ధార. 1950లలో సిన్సినాటీలోని ఒక బాలల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తూ, వేర్వేరు సంస్కృతుల పిల్లలు ఒకే రకమైన సంరక్షణకు ఒకేలా స్పందించడం లేదని ఆమె గమనించారు. మానవశాస్త్రం చదివి, న్యూగినీలోని గాడ్సప్ ప్రజల మధ్య నివసించి పరిశోధన చేశారు. 1970లలో ఆమె గ్రంథాలతో సంస్కృత్యంతర నర్సింగ్ ఒక అధ్యయనరంగంగా స్థిరపడింది. సంస్కృతి తెలియకుండా సేవ పూర్తి కాదన్న సత్యాన్ని నర్సింగ్ రంగానికి నేర్పిన గౌరవం ఆమెదే. అయితే ఈ ధారలో చూసేది నర్సు. చూడబడేది రోగి సంస్కృతి.

రెండవది ఆత్మపరిశీలన ధార. అనుభవం దానంతటది జ్ఞానం కాదని, అనుభవం మీద సాగే క్రమబద్ధమైన ఆలోచనే జ్ఞానమవుతుందని జాన్ డ్యూయీ 1910లో వాదించారు. 1983లో డొనాల్డ్ షోన్ ఆ ఆలోచనను వృత్తివిద్యలకు అన్వయించారు. నిపుణుడు పని చేస్తూ ఆలోచించడం ఒకటి, పని ముగిశాక దాని గురించి ఆలోచించడం ఒకటి అని ఆయన విభజించారు. 1988లో గ్రాహమ్ గిబ్స్ అనే బ్రిటిష్ విద్యావేత్త ఈ ఆలోచనను ఆరు మెట్ల చక్రంగా కుదించారు. ఏం జరిగింది, ఏమనిపించింది, అందులో మంచిచెడులేమిటి, ఎందుకలా జరిగింది, ఏం తేలింది, ఇకముందు ఏం చేయాలి అన్నవి ఆ మెట్లు. నర్సింగ్ విద్యార్థుల దినచర్యపుస్తకాల్లో ఈ చక్రం నేటికీ తిరుగుతోంది. ఈ ధారలో చూసేదీ, చూడబడేదీ విద్యార్థే. రోగి అక్కడ ఒక సందర్భం మాత్రమే.

అంటే లైనింగర్ ధారలో నర్సు తనను చూసుకోవలసిన అవసరం అంతగా లేదు. గిబ్స్ చక్రంలో రోగి మాట్లాడవలసిన అవసరం అంతగా లేదు. ఈ రెండు లోపాలనూ ఒక్కసారిగా ఎత్తిచూపిన ప్రశ్న ఒక విద్యార్థిని నోట వచ్చింది.

5. 1988 ప్రశ్న

1988లో క్రైస్ట్‌చర్చ్‌లో మావోరీ నర్సింగ్ విద్యార్థుల సమావేశం జరిగింది. మావోరీలు ఇటువంటి సమావేశాన్ని ‘హుయి’ అంటారు. నర్సింగ్ విద్యలో చట్టపరమైన భద్రత, నైతిక భద్రత, చికిత్సాపరమైన భద్రత గురించి ఇంతగా చెబుతున్నారు, మరి సాంస్కృతిక భద్రత మాటేమిటని మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకరు అక్కడ ప్రశ్నించారు. ఆ ప్రశ్నలోని పదబంధమే తరువాత ఒక సిద్ధాంతానికి పేరైంది.

ఆ ప్రశ్నను పట్టుకొని పదిహేనేళ్లు పనిచేసినవారు ఇరిహపేతి రామ్స్‌డెన్ (1946–2003). ఆమె తల్లి మావోరీ, తండ్రి పాకెహా పాత్రికేయుడు. 1960లలో వెల్లింగ్టన్‌లో నర్సుగా శిక్షణ పొందారు. 1990లో విద్యాశాఖ ప్రచురించిన ఆమె నివేదిక ఈ భావనకు తొలి సమగ్ర రూపం. మావోరీలో దానికి ‘కవా ఫకరురుహౌ’ అని పేరు. ‘కవా’ అంటే సభామర్యాద; ‘ఫకరురుహౌ’ అంటే గాలివానకు అడ్డుగా నిలిచే నీడ. 1992లో న్యూజిలాండ్ నర్సింగ్ మండలి దీన్ని నర్సింగ్, మంత్రసాని విద్యలకు మార్గదర్శకంగా స్వీకరించింది. రాష్ట్రీయ తుదిపరీక్షలో 20 శాతం ప్రశ్నలు ఈ అంశానికి కేటాయించారు. రామ్స్‌డెన్ ఈ విషయం మీదే 2002లో విక్టోరియా విశ్వవిద్యాలయానికి డాక్టరేటు సిద్ధాంతగ్రంథం సమర్పించారు. మరుసటి ఏడాది మరణించారు.

ఆమె వాదంలోని ముఖ్యాంశాలు మూడు. మొదటిది, విద్యార్థి చదవవలసిన తొలి సంస్కృతి తనదే. మావోరీ ఆచారాల పట్టిక కంఠస్థం చేసిన పాకెహా నర్సు మావోరీని ఒక నమూనాగా చూడడం మొదలుపెడుతుంది. ప్రతి మావోరీ ఆ పట్టికలో ఇమడడు. పట్టణంలో పుట్టి, భాషనూ ఆచారాలనూ పోగొట్టుకున్న మావోరీకి ఆ పట్టిక ఇంకొక అవమానమవుతుంది. రెండవది, నర్సుకూ రోగికీ మధ్య ఉన్నది సంస్కృతిభేదం మాత్రమే కాదు, అధికారభేదం కూడా. కనుక విద్యార్థి ముందు తన దేశచరిత్ర చదవాలి. వైతంగి ఒడంబడిక దగ్గర మొదలుపెట్టాలి. మూడవది, సేవ భద్రంగా ఉందో లేదో నిర్ణయించే హక్కు సేవ పొందినవారిది.

జాతి, వర్ణం, మతం అనే భేదాలు చూడకుండా సేవ చేయాలన్నది నర్సింగ్ వృత్తి పాత ఆదర్శం. రామ్స్‌డెన్ ఆ ఆదర్శాన్ని తిరగవేశారు. ఆ భేదాలను చూసి, లెక్కలోకి తీసుకొని సేవ చేయాలన్నారు. మనుషులందరూ సమానమన్న మాటను ఆమె కాదనలేదు. అందరినీ ఒకేలా చూడడం సమానత్వం కాదన్నారు. ఎందుకంటే ఆ ‘ఒకేలా’ అన్నది ఎవరో ఒకరి తీరు.

6. తరగతి గదిలో మూడు మెట్లు

రామ్స్‌డెన్ విద్యార్థి ప్రయాణాన్ని మూడు మెట్లుగా చెప్పారు. సాంస్కృతిక ఎరుక మొదటిది. మనుషుల మధ్య తేడాలున్నాయని గుర్తించడం ఈ దశ. సాంస్కృతిక స్పందన రెండవది. ఆ తేడాలు న్యాయమైనవని ఒప్పుకొని, తన జీవితానుభవం, తన స్థానబలం ఎదుటివారి మీద ఎలా పనిచేస్తున్నాయో విద్యార్థి తనలో తాను వెతుక్కోవడం ఈ దశలో మొదలవుతుంది. సాంస్కృతిక భద్రత మూడవది. ఇది విద్యార్థి చేరానని చెప్పుకోగల మెట్టు కాదు. సేవ పొందినవారు ఒప్పుకుంటేనే చేరినట్టు.

ఈ తేడాను ఒక ఊహాసందర్భంతో వివరించవచ్చు. ఒక విద్యార్థిని మావోరీ వృద్ధురాలి మంచం దగ్గర ఖాళీ మూత్రపాత్రను భోజనపు బల్ల మీద పెట్టింది. ఆమె ఆ పూట భోజనం ముట్టలేదు. గిబ్స్ చక్రం ప్రకారం విద్యార్థిని జరిగింది రాస్తుంది. తన బాధ రాస్తుంది. తపు నియమం తెలియకపోవడమే కారణమని విశ్లేషిస్తుంది. ఇకమీదట పాత్రను కింది అరలో పెడతానని నిశ్చయించుకుంటుంది. ఇదంతా అవసరమే. అయితే ఇక్కడే ఆగితే ఆమె నేర్చుకున్నది ఒక నియమం మాత్రమే.

సాంస్కృతిక భద్రత మరికొన్ని ప్రశ్నలు వేస్తుంది. ఆ పాత్ర ఎక్కడ పెట్టాలో రోగిని అడగాలని ఎందుకు తట్టలేదు? ఆ బల్ల ఎవరిదని అనుకున్నావు? ఆమె భోజనం మానేసిందే గాని, అభ్యంతరం ఎందుకు చెప్పలేకపోయింది? ఆమె తల్లి, అమ్మమ్మ ఇటువంటి ఆసుపత్రుల్లో నోరు విప్పితే ఏం జరిగి ఉంటుంది? ఈ ప్రశ్నలకు సమాధానం విద్యార్థిని మనసులో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. చివరి ప్రశ్నకు సమాధానం ఆ వృద్ధురాలి దగ్గరే ఉంది. ఇప్పుడు తిరిగి వెళ్లి ఆమెను అడగాలి. ఆలోచనరూపమైన పరామర్శ మంచం పక్కన చేసే పరామర్శగా మారే చోటు ఇదే.

7. వివాదం

ఇంతటి మార్పు ప్రతిఘటన లేకుండా జరగలేదు. 1993లో క్రైస్ట్‌చర్చ్‌లోని ఒక నర్సింగ్ విద్యార్థిని ఈ బోధన మీద చేసిన ఆరోపణలు పత్రికలకు ఎక్కాయి. నర్సింగ్ కోర్సు రాజకీయబోధగా మారుతోందని, విద్యార్థుల మీద ఒక భావజాలం రుద్దుతున్నారని, వైద్యవిజ్ఞానానికి కేటాయించవలసిన సమయం వృథా అవుతోందని విమర్శలు వచ్చాయి. 1995లో పార్లమెంటు సెలెక్ట్ కమిటీ విచారణ జరిపింది. అదే ఏడాది నర్సింగ్ మండలి కోరిక మీద ఎరిహపేతి మర్చీ, పాల్ స్పూన్లీ సమీక్షా నివేదిక ఇచ్చారు. 1996లో మార్గదర్శకాలను సవరించారు.

ఆ విమర్శలన్నిటినీ జాత్యహంకారమని తోసిపుచ్చడం చరిత్రకారుడికి తగదు. వాటిలో ఒకటి గట్టిది. ఆత్మపరిశీలనకు మార్కులు వేసే వ్యవస్థలో విద్యార్థి తన నిజమైన అభిప్రాయం రాయగలడా అన్నది ఆ ప్రశ్న. తనలోని వివక్షను గుర్తించుకొమ్మని చెప్పి, గుర్తించినట్టు రాసినవారికే ఉత్తీర్ణత ఇస్తే, విద్యార్థి నేర్చుకొనేది గుర్తించినట్టు రాయడమే. బలవంతపు ఆత్మపరిశీలన ఆత్మరక్షణగా మారుతుంది.

సవరణల ఫలితంగా రెండు మార్పులు స్థిరపడ్డాయి. సంస్కృతి అన్న మాటకు విస్తృతమైన నిర్వచనం వచ్చింది. వయసు, లింగం, లైంగికత, వృత్తి, ఆర్థికస్థితి, జాతి, వలస అనుభవం, మతవిశ్వాసం, వైకల్యం అన్నీ అందులో చేరాయి. 2005 నాటి మార్గదర్శకాల్లో సాంస్కృతిక భద్రత, వైతంగి ఒడంబడిక, మావోరీ ఆరోగ్యం అన్నవి వేరువేరు అంశాలుగా నిలిచాయి. దీనివల్ల భావన అందరికీ వర్తించేదైంది. అయితే దాని పుట్టుకకు కారణమైన చరిత్ర పలచబడే ప్రమాదమూ ఏర్పడింది. అందరి సంస్కృతీ సమానంగా లెక్కలోకి వచ్చినప్పుడు, ఎవరి నేల పోయిందన్న ప్రశ్న వెనక్కి జరుగుతుంది.

ఏమైనా మూలసూత్రం మిగిలింది. రోగి సాంస్కృతికంగా భద్రమని నిర్ణయించే రీతిలో పనిచేయడం రిజిస్టర్డ్ నర్సు అర్హతాప్రమాణాలలో చేరింది. 2003 నాటి చట్టం వైద్యవృత్తుల నియంత్రణ సంస్థలన్నిటికీ సాంస్కృతిక ప్రమాణాలు నిర్ణయించే బాధ్యత అప్పగించింది. 2019లో వైద్యమండలి కూడా సాంస్కృతిక సామర్థ్యం నుంచి సాంస్కృతిక భద్రత వైపు మళ్లింది. నర్సులు వేసిన దారిలో వైద్యులు నడవడం ఆసుపత్రి చరిత్రలో అరుదైన విషయం.

8. ఆత్మపరిశీలన ఒక రచనాప్రక్రియగా

సాహిత్యవిద్యార్థికి ఈ చరిత్రలో ఆసక్తి కలిగించే మరొక అంశం ఉంది. నర్సింగ్ విద్యార్థి రాసే ఆత్మపరిశీలన ఒక రచనాప్రక్రియ. అది ఆత్మకథకు దగ్గరది, కాని దాని పాఠకుడు పరీక్షకుడు. అది లేఖకు దగ్గరది, కాని ఎవరికి రాయాలో వారికి అది చేరదు. అందులో పాత్ర అయిన రోగికి ఆ రచన గురించి తెలియదు. రోగి మౌనాన్ని విద్యార్థి వ్యాఖ్యానిస్తుంది. ఆ వ్యాఖ్యానాన్ని అధ్యాపకురాలు అంచనా వేస్తుంది. ఆత్మకథలో ఇతర పాత్రలు రచయిత చెప్పినట్టే కనిపిస్తాయి. ఆ ప్రక్రియ స్వభావమే అంత.

ఈ ప్రక్రియలో పశ్చాత్తాపం సులభమైన ముగింపు. తప్పు జరిగింది, బాధ కలిగింది, కళ్లు తెరుచుకున్నాయి అన్న కథాసంవిధానం ఒకసారి అలవాటైతే ప్రతి అనుభవం అందులోనే ఇముడుతుంది. అప్పుడు రోగి విద్యార్థి ఎదుగుదలకు ఒక సాధనమవుతాడు. మూడవ మెట్టును విద్యార్థి చేతికి ఇవ్వకుండా రోగి చేతిలో ఉంచడం ద్వారా రామ్స్‌డెన్ ఈ కథకు ముగింపు రాసే అధికారాన్ని రచయిత నుంచి తీసివేశారు. సాహిత్య పరిభాషలో చెప్పాలంటే ఇది కథకుడిని మార్చడం.

1998లో అమెరికన్ వైద్యులు మెలనీ టెర్వలోన్, జాన్ ముర్రే-గార్సియా ‘సాంస్కృతిక వినయం’ అన్న భావనను ప్రతిపాదించారు. ఎదుటి సంస్కృతిలో ప్రావీణ్యం సంపాదించానని ఎవరూ అనుకోరాదని, ఆత్మపరిశీలన జీవితాంతం సాగాలని వారి వాదం. న్యూజిలాండ్ భావనకు ఇది సమీపబంధువు. అయితే వినయం నర్సు గుణం. భద్రత రోగి స్థితి. నర్సు వినయంగా ఉన్నా రోగి భద్రంగా లేకపోవచ్చు. కనుక రెండవదే కఠినమైన కొలమానం.

9. తెలుగు నేలకు వర్తింపు

తెలుగు రాష్ట్రాల నుంచి విదేశాలకు వెళ్లే నర్సులు ఎందరో ఉన్నారు. న్యూజిలాండ్ వెళ్లినవారు అక్కడి నమోదు ప్రక్రియలో సాంస్కృతిక భద్రతను నేర్చుకోవలసి ఉంటుంది. అయితే ఈ భావనకు తెలుగువారితో ఉన్న అసలైన సంబంధం అక్కడ కాదు, ఇక్కడే ఉంది.

ఉట్నూరు ప్రాంతంలో గోండీ, కొలామీ; భద్రాచలం ప్రాంతంలో కోయ; పాడేరు ప్రాంతంలో కువి; సీతంపేట ప్రాంతంలో సవర మాట్లాడేవారున్నారు. ఆ ప్రాంతాల ఆసుపత్రుల్లో తెలుగు అధికారభాష. తన మాతృభాష జాతీయస్థాయిలో హిందీ, ఇంగ్లీషుల ముందు చిన్నబోతోందని బాధపడే తెలుగు నర్సు, సవర తల్లి ముందు పెద్దభాష ప్రతినిధిగా నిలబడుతుంది. క్రైస్ట్‌చర్చ్‌లో పాకెహా నర్సు నిలబడిన చోటు అదే. ఈ గుర్తింపు తెలుగు నర్సింగ్ విద్యార్థికి తొలి పాఠం కాదగినది.

ఈ పాఠం తెలుగు సాహిత్యచరిత్రకు కొత్తది కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నకాలంలో సవరల భాష నేర్చుకున్నారు. వారికోసం బడులు నడిపారు. 1931లో సవర వ్యాకరణం వెలువరించారు. తెలుగు పిల్లవాడికి వాడుకభాషలో చదువు కావాలన్న వాదమూ, సవర పిల్లవాడికి సవరభాషలో చదువు కావాలన్న వాదమూ ఆయనలో ఒకే న్యాయం నుంచి పుట్టాయి. తన భాషకు గౌరవం కోరినవాడు ఎదుటివాడి భాషకు చెవి ఒగ్గాలన్నదే ఆ న్యాయం.

తెలుగులో ఆత్మపరిశీలన మొదలుకావలసిన చోటును భాషే చూపిస్తుంది. ఇంగ్లీషు నర్సుకు రోగిని సంబోధించడానికి ఒకే సర్వనామం ఉంది. తెలుగు నర్సు నోరు తెరిచిన మరుక్షణం ‘నువ్వు’, ‘మీరు’లలో ఒకదాన్ని ఎంచుకోవాలి. చీర చూసి, మాటతీరు చూసి, ఊరిపేరు, ఇంటిపేరు విని ఆ ఎంపిక అప్రయత్నంగా జరిగిపోతుంది. పదిమంది రోగులలో ఎవరిని ‘మీరు’ అన్నాను, ఎవరిని ‘నువ్వు’ అన్నాను, ఎందుకు అని ఒక విద్యార్థిని సాయంత్రం రాసుకుంటే, కులం, వర్గం, భాష తన నోటిలో ఎలా పనిచేస్తున్నాయో ఆమెకే తెలుస్తుంది. ‘నువ్వు’ అన్నిచోట్లా అగౌరవం కాదు. చనువూ ఆప్యాయతా కూడా కావచ్చు. అది ఏదో తేల్చవలసింది అన్నవారు కాదు, అనిపించుకున్నవారు.

10. ముగింపు

సాంస్కృతిక భద్రత చరిత్ర మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. ఎదుటి సంస్కృతి గురించిన సమాచారం సేవకు అవసరమే గాని, అది ఒక్కటే సరిపోదు. ఆత్మపరిశీలన కూడా అవసరమే గాని, అది రాతపుస్తకంలో ముగిస్తే విద్యార్థి ఎదుగుదలకే పరిమితమవుతుంది. చరిత్రజ్ఞానం తోడైనప్పుడే విద్యార్థికి తాను నిలబడిన చోటు కనిపిస్తుంది.

1988లో అడిగిన ఆ ప్రశ్న ఏ సిద్ధాంతగ్రంథంలోనూ పుట్టలేదు. వార్డులలో తన వారి మౌనాన్ని గమనించిన ఒక విద్యార్థిని నోట పుట్టింది. భద్రాచలంలోనో, సీతంపేటలోనో అటువంటి ప్రశ్న అడగగల కోయ, సవర విద్యార్థినులు నర్సింగ్ తరగతుల్లో ఉంటారు. వారి ప్రశ్నను వినగల తరగతి గదిని సిద్ధం చేయడం నర్సింగ్ విద్య బాధ్యత. ఆ ప్రశ్నను తెలుగులోనే గాక వారి భాషలోనూ అడగగలిగేలా చూడడం భాషావిభాగాల బాధ్యత. పరామర్శ అన్న మాటకు తెలుగు ఇచ్చిన రెండర్థాలూ అప్పుడు ఒకే పనిగా కలుస్తాయి.